హైదరాబాదు, సికింద్రాబాదు పాత హోటళ్లలో రాత్రులు ఎలా గడిచేవి? అవి ఎందుకు మూతపడ్డాయి?

బర్కత్‌పురా వాసి (ప్రశ్న):

సభ్యులందరికీ నమస్కారం. ఆబిడ్స్‌లో ఒకప్పుడు వెలిగిన ఓరియంట్ హోటల్ గురించి నాకు తెలిసినదంతా పెద్దల నోట విన్నదే. మఖ్దూం మొహియుద్దీన్ వంటి కవులు, కార్మిక సంఘాల నాయకులు, పత్రికల వాళ్లు, చిత్రకారులు ఒక్క చాయ్ ముందు పెట్టుకుని గంటల తరబడి వాదించుకునేవారని, ఎవరి బల్ల ఏదో సర్వర్లకు కూడా తెలిసి ఉండేదని చెప్పేవారు. ఆ హోటల్ ఇప్పుడు లేదు. అసెంబ్లీ సమీపంలో గుట్ట మీద ఉండిన రిట్జ్ హోటల్ కూడా లేదు. నిజాం కాలపు హైకోర్టు న్యాయమూర్తి సర్ నిజామత్ జంగ్ 1915లో కట్టించుకున్న హిల్ ఫోర్ట్ ప్యాలెస్‌లో 1955 నుంచి నడిచిన ఆ హోటల్ 1990ల చివరికి మూతపడగా, భవనాన్ని వారసత్వ కట్టడంగా కాపాడాలన్న వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. రిట్జ్ మనబోటి వాళ్లు రోజూ వెళ్లే చోటు కాదు కాబట్టి దాని సంగతి అంతటితో వదిలేస్తున్నాను.

నేను తెలుసుకోదలచుకున్నది మామూలు హోటళ్ల సంగతి. మా కాలనీ గ్రంథాలయంలో నగరపు పాత ఫోటోల ప్రదర్శన పెడుతున్నాం. ఫోటోలు బాగానే దొరికాయి గాని, వాటి కింద రాయడానికి మాటలు లేవు. ఒక గుమాస్తా గాని, జిల్లా నుంచి వచ్చి ఉస్మానియాలో చదువుకునే విద్యార్థి గాని చీకటి పడ్డాక ఎక్కడ కూర్చునేవాడు, ఎంతసేపు కూర్చోనిచ్చేవారు, లేవమని ఎవరు ఎలా చెప్పేవారు, దీపాలు ఎప్పుడు ఆర్పేవారు అన్నది నా మొదటి ప్రశ్న. ఆ హోటళ్లు ఎందుకు పోయాయన్నది రెండవది. కాలం మారిందన్న జవాబు నాకు చాలదు, ఎందుకంటే కాలం మారినా నిలిచిన హోటళ్లు ఇదే ఊళ్లో ఉన్నాయి. ఇక బిర్యానీ ఎక్కడ బాగుండేదన్న చర్చను మాత్రం దయచేసి ఇక్కడ ఎత్తవద్దని మనవి, దానికి అంతూ పొంతూ ఉండదు.

ముషీరాబాద్ పాతకాపు:

బర్కత్‌పురా వాసి గారూ, మీ మొదటి ప్రశ్నకు నేను జవాబు చెప్పగలను. ఓరియంట్ వైభవం నేనూ చూసిన వాణ్ని కాను. నేను ఎరిగినవి వీధి మూలల్లో ఉండిన ఇరానీ హోటళ్లు. వాటి పేర్లు సగం మందికి తెలియవు, అవసరమూ ఉండేది కాదు. "చౌరస్తా హోటల్లో ఉంటాను" అంటే చాలు, రావలసినవాడు వచ్చేవాడు.

హోటల్ మూల మీద ఉండడం వల్ల రెండు వీధుల వైపూ తలుపులు ఉండేవి. వీధిపోటు ఉందని ఇతరులు వదిలేసిన స్థలాలు ఇరానీలకు చవకగా దొరికాయని అంటారు. అది ఎంతవరకు నిజమో గాని, వ్యాపారానికి అంతకంటే మంచి చోటు ఉండదు. లోపల పాలరాతి పలకలు పరిచిన బల్లలు, వంపు చేతుల నల్ల కుర్చీలు, గోడలకు నిలువుటద్దాలు ఉండేవి. తలుపు పక్కన డబ్బు తీసుకునే ఎత్తైన గల్లా, దాని వెనుక యజమాని, అంటే సేట్, కూర్చునేవారు. అద్దాలు అలంకారానికి మాత్రమే కాదు, గల్లా దగ్గర కూర్చుంటే వాటిలో మూల బల్ల కూడా కనిపించేది.

మీరు కూర్చోగానే ఎవరూ ఏం కావాలని అడిగేవారు కాదు. సర్వర్ ఒక ప్లేటు నిండా ఉస్మానియా, ఫైన్, ఖారా బిస్కెట్లు తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్లిపోయేవాడు. ఉల్లిపాయ కూరిన చిన్న సమోసాలైతే మరో ప్లేటులో వచ్చేవి. మీరు తిన్నవాటికే డబ్బు, మిగిలినవి మరో బల్లకు వెళ్లేవి. నేటి శుభ్రత లెక్కల ప్రకారం అది చేయతగిన పని కాదు, కాని అప్పుడు ఎవరికీ తప్పుగా తోచలేదు. మీరు లేచి గల్లా వైపు నడుస్తుంటే సర్వర్ ఎక్కడో నాలుగు బల్లల అవతల నుంచి "దో చాయ్, చార్ బిస్కెట్, ఏక్ సమోసా" అని కేకవేసేవాడు. కాగితం మీద బిల్లు ఉండేది కాదు. పది బల్లల లెక్క అతని నోట్లోనే ఉండేది, సేట్ ఆ కేకను బట్టే చిల్లర లెక్కపెట్టేవారు.

చాయ్ కాచే పద్ధతి కూడా కూర్చోబెట్టే పద్ధతికి సరిపోయినట్టే ఉండేది. కళాయి పోసిన పెద్ద రాగి పాత్రలో నీళ్లు, చాయ్ పొడి వేసి, మూత గట్టిగా బిగించి సన్నని సెగ మీద ఉంచేవారు. పాలు వేరే పాత్రలో గంటల తరబడి మరిగి చిక్కబడి లేత గోధుమ రంగుకు వచ్చేవి. మీరు చెప్పాక కప్పులో డికాక్షన్ పోసి, పైన పాలు పోసి ఇవ్వడమే మిగిలిన పని. పౌనా అనే రకం చాయ్ అడిగేవారు కొందరు, చక్కెర దండిగా వేసిన ఖడీ చమ్మచ్ అడిగేవారు కొందరు. ఒక చాయ్ తెచ్చి ఇద్దరికీ పంచమన్నా సర్వర్ ముఖం మాడ్చుకునేవాడు కాదు, రెండు కప్పుల్లో సమంగా పోసి ఇచ్చేవాడు. చుట్టుపక్కల దుకాణాలకు చాయ్ మోసే కుర్రవాణ్ని బాహర్‌వాలా అనేవారు. వీధిలో ఎవరింట్లో ఏం జరుగుతోందో అతనికి తెలియనిది ఉండేది కాదు.

పత్రికల సంగతి కూడా చెప్పాలి. సియాసత్ కాపీ ఒకటి, ఒక తెలుగు దినపత్రిక ఒకటి గల్లా మీద ఉండేవి. పొద్దెక్కేసరికి వాటి పేజీలు విడివిడిగా ఒక్కో బల్లకు చేరేవి. మొదటి పేజీ చదివినవాడు లోపలి పేజీ కోసం పక్క బల్ల వైపు చూస్తూ కూర్చునేవాడు, అక్కడి నుంచే మాటలు కలిసేవి. నాకు ఉర్దూ చదవడం రాదు. అయినా ఒక పెద్దమనిషి రోజూ నాకు శీర్షికలు చదివి వినిపించేవారు, నేను ఆయనకు తెలుగు పత్రికలో సినిమా ప్రకటనలు చదివి పెట్టేవాణ్ని.

లేవమని ఎవరు చెప్పేవారని అడిగారు. నోటితో ఎవరూ చెప్పేవారు కాదు. సర్వర్ వచ్చి ఖాళీ కప్పు తీసేవాడు. అయినా కదలకపోతే తడిగుడ్డతో బల్ల తుడిచేవాడు. మళ్లీ తుడిచాడంటే మరో చాయ్ చెప్పాలని అర్థం, లేదా బయట ఎవరో నిలబడి ఉన్నారని అర్థం. పక్క బల్లల మీద కుర్చీలు తిరగేసి పెట్టడం మొదలైతే ఇక లేవవలసిందే. సినిమా హాళ్ల దగ్గరి హోటళ్లలో ఆ పని సెకండ్ షో వదిలి, ఆ జనం చాయ్ తాగి వెళ్లాక గాని మొదలయ్యేది కాదు. సికింద్రాబాదు రైల్వే స్టేషన్ ఎదుట అసలు ఆ ఘట్టమే వచ్చేది కాదు, ఎందుకంటే ఏదో ఒక రైలు వస్తూనే ఉండేది. పాతబస్తీలో మాత్రం 1980లలో, 1990లో కర్ఫ్యూలు పెట్టినప్పుడల్లా సాయంత్రానికే తలుపులు పడేవి. కర్ఫ్యూ ఎత్తేశాక కూడా చాలా రోజుల వరకు జనం తొందరగా ఇంటికి పోయేవారు. రాత్రి పొద్దుపోయేదాకా బయట కూర్చునే అలవాటు కొన్ని వీధుల్లో అలా తెగిపోయి, మళ్లీ అతుక్కోలేదు.

సిటీ సివిల్ కోర్టు విశ్రాంత న్యాయవాది:

పాతకాపు గారు రాసినది చదువుతుంటే ఆ బల్లలు కళ్లకు కట్టాయి. అయితే అంతసేపు కూర్చోనివ్వడాన్ని సేట్ల మంచితనంగా మాత్రమే చూస్తే సగమే చూసినట్టు అవుతుంది. మిగతా సగం అద్దె చట్టంలో ఉంది. మీ రెండవ ప్రశ్నకు జవాబు కూడా అక్కడే ఉంది.

ఈ హోటళ్ల యజమానుల్లో చాలామంది ఆ భవనాలకు యజమానులు కారు, కిరాయిదారులు. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ భవనాల అద్దె నియంత్రణ చట్టం ప్రకారం, అద్దె సక్రమంగా కడుతున్న కిరాయిదారును ఇంటి యజమాని తన ఇష్టప్రకారం వెళ్లగొట్టడానికి వీలులేదు. అద్దె ఎగవేయడం, అనుమతి లేకుండా మరొకరికి కిరాయికివ్వడం, భవనాన్ని పాడుచేయడం, యజమానికి స్వయంగా నిజమైన అవసరం ఉండడం వంటి కారణాలలో ఏదో ఒకటి అద్దె వివాదాలు తేల్చే అధికారి, అంటే రెంట్ కంట్రోలర్, ముందు రుజువు చేయాలి. అద్దె ఎక్కువో తక్కువో తేలాలన్నా న్యాయమైన అద్దె నిర్ణయించేది ఆ కంట్రోలరే. అందువల్ల నగరం నడిబొడ్డున, రెండు వీధుల మూల మీద, ఎన్నో ఏళ్ల క్రితం కుదిరిన అద్దెకు అంత పెద్ద హాలు నడపడం సాధ్యమైంది. ఒక బల్ల ముందు ఇద్దరు మనుషులు ఒక్క చాయ్‌తో సాయంత్రమంతా కూర్చున్నా సేట్‌కు నష్టం లేకపోవడానికి కారణం చాయ్ ధర కాదు, బల్ల కింది నేల ధర.

ఆ రక్షణ ఒక్క దెబ్బతో పోలేదు. నెల అద్దె 1,000 రూపాయలు దాటిన భవనాలను ప్రభుత్వం 1983 చివర ఒక ఉత్తర్వు ద్వారా చట్టం పరిధి నుంచి తప్పించింది. 2005 సవరణతో నగరపాలక సంస్థల పరిధిలో ఆ పరిమితిని 3,500 రూపాయలకు పెంచారు గాని, అప్పటికి ఆబిడ్స్‌లో ఆ అద్దెకు గది మాట అటుంచి గుమ్మం కూడా దొరికేది కాదు. పరిమితికి లోబడిన పాత కిరాయిదారులు నిలిచారు, మిగిలినవారు బజారు ధర కట్టవలసి వచ్చింది. నిలిచినవారి విషయంలో కూడా తరం మారగానే కథ మారింది. తండ్రి పోయాక నలుగురు వారసులు వస్తారు. వారిలో ఇద్దరు ఇంజనీర్లు, ఒకరు విదేశంలో, ఒకరికి హోటల్ అంటే ఆసక్తి లేదు. అవతల ఇంటి యజమాని వారసులు కూడా పంచుకోవడానికి తొందరపడుతుంటారు. కోర్టులో పదేళ్లు కొట్లాడే బదులు, ఖాళీ చేసినందుకు ఇంత అని కిరాయిదారు చేతికి ఇచ్చి రాజీపడడం ఇరుపక్షాలకూ మేలు. అలాంటి రాజీ పత్రాలు నేనే రాసి ఇచ్చాను. రాస్తున్నప్పుడు అందులో ఊరికి సంబంధించినది ఏదో పోతోందని నాకు తోచలేదు, ఇప్పటికీ అది వకీలు ఆలోచించవలసిన విషయం అనుకోను. సంతకాలైన తర్వాత కింద బట్టల కొట్టు, మొబైల్ దుకాణం, పైన బ్యాంకు వచ్చేవి.

దీనికి తోడు కొన్ని చోట్ల రోడ్ల వెడల్పు, ఇటీవల మెట్రో పనులు తమ వంతు చేశాయి. కాని అవి ఊడిపోబోయే పంటిని పీకినవే. మిగిలిన ఇరానీ హోటళ్లలో కూడా కుర్చీలు తగ్గి, నిలబడి తాగే గట్లు పెరగడం గమనించండి. పాత అద్దె పోయిన చోట కూర్చునే వసతి కూడా పోయింది.

కోఠీ కాలేజీ పూర్వ విద్యార్థిని:

పెద్దలు రాసినవి ఆసక్తిగా చదివాను. ప్రశ్నలోనూ జవాబుల్లోనూ కూర్చున్నది ఎవరో గమనించారా? గుమాస్తా, విద్యార్థి, పెద్దమనిషి, వకీలు. మేము కోఠీ మహిళా కళాశాలలో చదివిన రోజుల్లో ఈ చౌరస్తా హోటళ్ల ముందు నుంచి రోజూ నడిచి వెళ్లేవాళ్లం. ఒక్కరోజు కూడా లోపల పాలరాతి బల్ల ముందు కూర్చోలేదు. ఎవరూ వద్దనలేదు, వద్దనవలసిన అవసరం లేకుండానే మాకు తెలుసు. కొన్ని హోటళ్లలో చెక్క అడ్డుగోడలతో, గుడ్డ తెరతో ఫ్యామిలీ గదులు ఉండేవి. మా నాన్నగారితో వెళ్లినప్పుడు ఆ తెర వెనుక కూర్చున్నాం. బయట నవ్వులు, వాదనలు వినిపించేవి, మనుషులు కనిపించేవారు కాదు. వడ్డించే అబ్బాయి కూడా తెర అంచు కొద్దిగా పక్కకు జరిపి ప్లేట్లు లోపలికి అందించి వెళ్లిపోయేవాడు.

మరి మాకు ఏ చోట్లు ఉండేవో కూడా రాసుకోండి. మొజంజాహీ మార్కెట్ ముందు ఆరుబయట కుర్చీలు వేసిన ఐస్‌క్రీం దుకాణాలు ఉండేవి. సీతాఫలం, మామిడి ఋతువుల్లో వాటి గుజ్జుతో చేసిన ఐస్‌క్రీం కోసం మేము నలుగురైదుగురం కలిసి వెళ్లేవాళ్లం, కాని దీపాలు వెలిగేలోపు హాస్టల్ గేటు దగ్గర ఉండాలి. ఉడిపి పద్ధతి హోటళ్లలో ఇడ్లీ, కాఫీ తీసుకుని ఇద్దరు అమ్మాయిలు కూర్చుంటే ఎవరూ వింతగా చూసేవారు కాదు. ఇక రాత్రి అంటే మాకు రెండే. రంజాన్ నెలలో పత్తర్‌గట్టీ, లాడ్‌బజార్ ఒకటి, ఏటా జరిగే నాంపల్లి ఎగ్జిబిషన్, అంటే నుమాయిష్, ఒకటి. 1938లో మొదలైన ఆ నుమాయిష్‌లో జనవరి చలిలో శాలువా కప్పుకుని, మిర్చి బజ్జీ పొట్లం చేత పట్టుకుని, అమ్మ, పిన్ని, అత్తయ్యలతో రాత్రి పొద్దుపోయేదాకా తిరిగేవాళ్లం. ఆడవాళ్లకు ప్రత్యేకంగా ఒక రోజు కేటాయించేవారు కూడా. అది ఇప్పటికీ జరుగుతోంది కాబట్టి మీ ప్రదర్శనకు పనికిరాకపోవచ్చు, కాని నగరంలో ఆడవాళ్ల రాత్రి ఎక్కడ గడిచిందని ఎవరైనా అడిగితే జవాబు అదే.

ఇంకొక మాట. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చినప్పుడు ఆబిడ్స్, సికింద్రాబాదు బార్లు మూతపడి రాత్రులు చచ్చిపోయాయని బాధపడేవారు మా బంధువుల్లో ఉన్నారు, ఇక్కడ కూడా ఎవరో ఒకరు ఆ మాట ఎత్తుతారు. నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా దుకాణాన్ని అడ్డుకున్న ఆడవాళ్ల ఉద్యమం ఊరూరా పాకి, 1993లో సారా నిషేధం తెచ్చి, ఆ తర్వాతి ఎన్నికల్లో నిషేధం హామీగా మారి, అక్కడి నుంచి ఈ బార్ల తలుపుల దాకా వచ్చింది. 1997లో నిషేధం ఎత్తివేశారు, బార్లు తిరిగి తెరుచుకున్నాయి. మీ ఫోటోల్లో పాత బార్ బొమ్మ ఏదైనా ఉంటే దాని కింద ఈ రెండు వాక్యాలూ ఉండాలని నా కోరిక.

లాలాగూడ:

సికింద్రాబాదు వైపు ఎవరూ పెద్దగా రాయలేదు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. మా నాన్నగారు లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవారు. దక్షిణ లాలాగూడలో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు చాలా ఉండేవి. అక్కడి రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో క్రిస్మస్‌కు, కొత్త సంవత్సరానికి డాన్సులు జరిగేవి. పగలంతా మనుషులు చెక్క నేల తుడిచి, కాళ్లు జారడానికి పొడి చల్లేవారు. మేము గోడ అవతల కుంకుడు చెట్టెక్కి చూసేవాళ్లం. సాయంత్రం బ్యాండు వాళ్లు వాయిద్యాలు శృతి చేసుకునే చప్పుడు వినబడగానే మా అమ్మ కేకలు మొదలయ్యేవి. లోపల టికెట్టు కొన్నవారికి భోజనం కూడా ఉండేది. ఆ వాసనలో వెనిగర్ ఘాటు ఉండేదని నాకు ఇప్పటికీ జ్ఞాపకం. ఆ కుటుంబాల్లో చాలామంది ఆస్ట్రేలియాకు, ఇంగ్లండుకు వెళ్లిపోయారు. అక్కడ డాన్సులు ఆగడానికి అద్దె చట్టం కారణం కాదు, ఆడేవాళ్లే మిగలలేదు.

బర్కత్‌పురా వాసి:

అందరికీ ధన్యవాదాలు. వకీలు గారి జవాబు నేను ఎదురుచూడనిది, రాజీ పత్రాల ప్రస్తావనను ఆయన పేరు లేకుండా వాడుకోవడానికి అనుమతి కోరుతున్నాను. కోఠీ కాలేజీ అమ్మగారు చెప్పిన ఫ్యామిలీ గది ఫోటో మా దగ్గర ఒక్కటి కూడా లేదు. లోపల కూర్చున్నవాళ్లను ఫోటో తీయడం ఎవరికీ తట్టి ఉండదు. అందుచేత ఆ గోడ మీద ఫోటో బదులు ఆమె రాసిన పేరానే పెద్ద అక్షరాలతో పెడదామనుకుంటున్నాం, ఆమెకు అభ్యంతరం లేకపోతేనే. దూబగుంట వాక్యాలు బార్ బొమ్మ కింద తప్పక ఉంటాయి.

పాతకాపు గారికి ఒక చిన్న ప్రశ్న. ప్రదర్శనలో ఒక బల్ల, రెండు కుర్చీలు పెట్టి వచ్చినవాళ్లను కూర్చోమనాలని ఉంది. మూతపడిన హోటళ్ల సామాను ఎక్కడికి పోయి ఉంటుంది?

ముషీరాబాద్ పాతకాపు:

ఎక్కువ భాగం గుత్తగా పాత సామాను వ్యాపారుల చేతికే పోయింది. గురువారం జుమ్మేరాత్ బజార్‌కు పొద్దున్నే వెళ్లండి. కుర్చీలు దొరకవచ్చు గాని, అల్లిన కూర్చునే భాగం పోయి ప్లైవుడ్ చెక్క కొట్టినవే ఎక్కువ ఉంటాయి. పాలరాతి పలక దొరకడం కష్టం, దొరికినా విరగకుండా తేవడం ఇంకా కష్టం. దాన్ని పడుకోబెట్టి తేవద్దు, ట్రాలీలో గోనెసంచులు పరిచి అంచు మీద నిలబెట్టి కట్టమనండి. ఇనుప కాళ్లు ఊగకుండా ఉన్నాయో లేదో అక్కడే చూసుకుని బేరం చేయండి. ప్రదర్శన రోజున చాయ్ పెడితే నాకు కబురు చేయండి, ఆ బల్ల దగ్గర కూర్చోవడానికి నేను వస్తాను, తడిగుడ్డ పట్టుకునే మనిషిని మాత్రం మీరే చూసుకోవాలి.